నావిడ్రోమ్ 0.55 గీత దాటే ముందు

ఇంట్లో మ్యూజిక్ సర్వర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చేటప్పుడు అందరూ భయపడేది పాటలు పోతాయేమోనని. పాటలకేమీ కాదు. నావిడ్రోమ్ (ఇంట్లోని పాటలను ఫోనుకీ, బ్రౌజరుకీ వినిపించే మ్యూజిక్ సర్వర్ ప్రోగ్రాం) మీ ఎంపీత్రీ, ఫ్లాక్ ఫైళ్ళను చదువుతుందే గానీ వాటిలో ఏదీ రాయదు. పోయేవి వేరే ఉన్నాయి: ఏ పాట ఎన్నిసార్లు విన్నామన్న లెక్క, ఇచ్చిన చుక్కలు, పెట్టిన గుండె గుర్తులు, ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే చేర్చి కట్టుకున్న ప్లేలిస్టులు. పాట పోతే ఇంకోచోట దొరకొచ్చు, ఇవి పోతే ఎక్కడా దొరకవు. ఇవన్నీ డేటా ఫోల్డర్లో ఉండే ఒకే ఒక డేటాబేస్ ఫైల్లో ఉంటాయి.

నెల్లూరు, ఒంగోలు ఇళ్ళలో పాటల నిల్వలు చిన్నవి కావు. సినిమా పాటలు, కర్ణాటక కచేరీలు, టేపుల నుంచి ఎక్కించుకున్న హరికథలు, పద్యనాటకాలు కలిపితే యాభై వేలు దాటడం తేలిక. 320 కేబీపీఎస్ ఎంపీత్రీలో ఐదు నిమిషాల పాట 12 ఎంబీ, అలాంటివి యాభై వేలంటే 600 జీబీ. అవే సీడీ నాణ్యత ఫ్లాక్ అయితే సుమారు 1.6 టీబీ. ఇంత ఉన్నచోట 'అప్‌డేట్ నొక్కేసి చూద్దాంలే' అంటే కుదరదు.

నావిడ్రోమ్‌లో 2025లో వచ్చిన 0.55 ఒక గీత. 0.54 దగ్గరో అంతకన్నా పాతదాని దగ్గరో ఆగిపోయినవాళ్ళు దాటాల్సింది దాన్నే. అంతకుముందు సర్వర్ ప్రతి పాటనూ ఫైలు ఉన్న దారిని బట్టి గుర్తుపట్టేది. ఫోల్డర్ పేరు మార్చినా, ఫైలు పక్క ఫోల్డర్లోకి జరిపినా దాని లెక్కలో పాత పాట పోయి కొత్త పాట వచ్చినట్టే. వినికిడి లెక్క సున్నా అయ్యేది. 0.55 నుంచి గుర్తింపు ట్యాగుల మీద, అంటే ఫైలు లోపలే రాసి ఉండే పాట పేరు, ఆల్బమ్ లాంటి వివరాల మీద నిలబడింది. పాటలో మ్యూజిక్‌బ్రెయిన్జ్ (ఇంటర్నెట్లోని ఉమ్మడి పాటల వివరాల నిధి) నంబరు ఉంటే ముందు దాన్ని చూస్తుంది, లేకపోతే ఆల్బమ్, డిస్క్ నంబరు, ట్రాక్ నంబరు, పాట పేరు కలిపి గుర్తు తయారుచేస్తుంది. అందుకే ఫైలు ఎక్కడికి జరిపినా పట్టుకోగలుగుతుంది.

ఇక్కడి నుంచి పుట్టే నియమం ఒక్కటే, ఈ రాతంతా దాని చుట్టూనే. అప్‌గ్రేడ్‌కి ముందు ట్యాగులే సరిచేయండి, ఫైలును కదపకండి, పేరు మార్చకండి. ఫైళ్ళ సర్దుబాటు, పేర్ల మార్పు అప్‌గ్రేడ్ అయ్యాకే. అయ్యాక కూడా ఒక స్కాన్‌కి (సర్వర్ ఫోల్డర్లన్నీ చదివి తన జాబితా సరిచూసుకోవడానికి) ఒకే పని. ఈ రోజు ట్యాగు మార్చారా, స్కాన్ అయ్యేదాకా ఆ ఫైలు కదలకూడదు. రేపు ఫైలు జరిపారా, ట్యాగు ముట్టుకోకూడదు. రెండూ ఒకేసారి మారితే పాత పాటకీ కొత్త పాటకీ చుట్టరికం తేల్చడానికి సర్వర్ దగ్గర ఆనవాలు మిగలదు.

ట్యాగుల్లో మొదట చూడాల్సింది అసలు ట్యాగే లేని ఫైళ్ళు. క్యాసెట్ నుంచి ఎక్కించినవి ఎక్కువ ఇలాగే ఉంటాయి: 'హరికథ సైడ్ ఎ' అని ఫైలు పేరుంటుంది, లోపల ఏమీ ఉండదు. ట్యాగు లేకపోతే నావిడ్రోమ్ ఫైలు పేరునే పాట పేరుగా తీసుకుంటుంది. రేపు ఆ ఫైలు పేరు మార్చారంటే పాట పేరూ మారిపోయినట్టే, పై నియమం అక్కడే తెగిపోతుంది. కాబట్టి పాట పేరు, ఆల్బమ్, ట్రాక్ నంబరు మూడూ కనీసంగా ఉండాలి. సీ-90 టేపు ఒక వైపు 45 నిమిషాలు ఒకే ఫైలుగా ఉంటే దాన్ని ముక్కలు చేసే పని ఇప్పుడు పెట్టుకోకండి. అయితే ఒక సంగతి: ఒకే పెద్ద ఫైలూ దాని పక్కన క్యూ షీటూ (ఏ పాట ఎక్కడ మొదలౌతుందో చెప్పే చిన్న ఫైలు) పెట్టుకుని నడుపుకునేవాళ్ళకి నావిడ్రోమ్ కన్నా లిరియన్ మ్యూజిక్ సర్వరే నయం. ఒకప్పటి లాజిటెక్ మీడియా సర్వరే ఇప్పుడు ఆ పేరుతో నడుస్తోంది, క్యూ షీటు చదివి పాటల్ని విడివిడిగా చూపిస్తుంది.

తరువాత ఆల్బమ్ ఆర్టిస్ట్. మన సినిమా పాటలకి ఇదే ప్రాణం. ఒక సినిమాలో ఆరు పాటలుంటే నలుగురు గాయకులు. ఆల్బమ్ ఆర్టిస్ట్ ఖాళీగా ఉంటే ఆ సినిమా ముక్కలై నాలుగు ఆల్బములుగా కనిపిస్తుంది. దీనికి నేను చెప్పే పద్ధతి: ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో సంగీత దర్శకుడి పేరు, ఆర్టిస్ట్‌లో గాయకులు, కంపోజర్‌లో మళ్ళీ సంగీత దర్శకుడు. 'వేరియస్ ఆర్టిస్ట్స్' అని పెట్టడం సులువే, కానీ ఒకే పేరుతో రెండు సినిమాలున్నప్పుడు అదే కొంప ముంచుతుంది. 1953 దేవదాసు, 2006 దేవదాసు రెండూ ఉన్న ఇంట్లో ఒకదానికి సి.ఆర్. సుబ్బరామన్ అనీ, రెండోదానికి చక్రి అనీ ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో ఉంటే ఆ రెండూ ఎప్పటికీ కలవవు.

యుగళగీతాలకి ఆర్టిస్ట్ గడిలో 'బాలు, జానకి' అని కామా పెట్టి రాసే అలవాటు మనకుంది. నావిడ్రోమ్ మామూలుగా కామా దగ్గర విడదీయదు. ఆ ఇద్దరూ కలిసి ఒకే మనిషై కూర్చుంటారు. సెమీకోలన్ తరువాత ఖాళీ, లేదా రెండు పక్కలా ఖాళీ ఉన్న ముందుకు వాలిన గీత (/) ఉంటే విడదీస్తుంది. అంతకన్నా మంచిది ఒకే ట్యాగులో రెండు విలువలు పెట్టడం. ఎంపీత్రీ ట్యాగ్ సాఫ్ట్‌వేర్‌లో పేర్ల మధ్య వెనక్కి వాలిన గీతలు రెండు పెడితే అది రెండు విలువలుగా రాస్తుంది. ఎంపీత్రీ ఫైళ్ళకి ఐడీత్రీ (ఎంపీత్రీలో ట్యాగులు రాసే పద్ధతి) 2.4 వాడండి, 2.3లో ఈ రెండు విలువల పద్ధతి అధికారికంగా లేదు. ఆ పని మీద ఉన్నప్పుడే ఐడీత్రీ 1 ట్యాగును తీసేయండి. దానిలో పేరుకి 30 బైట్లే చోటు, తెలుగు అక్షరాలు పట్టవు. పాత ఎంపీత్రీ సీడీల నుంచి వచ్చిన పాటల్లో కనిపించే ప్రశ్నార్థకాల వరసలు చాలావరకు దాని పుణ్యమే.

పేర్ల స్పెల్లింగు సంగతి ఎంత చెప్పినా తరగదు. నెల్లూరు ఇళ్ళలో బాలు పాటలకి కొదవుండదు, ఆయన పేరు రాసిన తీరులకీ కొదవుండదు. బాలసుబ్రహ్మణ్యం, బాలసుబ్రమణ్యం, ఎస్పీ బాలు, ఎస్.పి.బి. ప్రతిదీ ఒక్కో గాయకుడు అయిపోతాడు. ఇవి కంటికి కనిపిస్తాయి కాబట్టి సరిచేయొచ్చు. కంటికి కనిపించనివి రెండున్నాయి.

ఒకటి జీరో విడ్త్ నాన్ జాయినర్. రమేష్ నాయుడు పేరులో 'ష్' తరువాత కొందరి కీబోర్డు ఈ కనిపించని గుర్తును పెడుతుంది, కొందరిది పెట్టదు. తెర మీద రెండూ ఒకటే, సర్వర్‌కి ఇద్దరు రమేష్ నాయుళ్ళు. పొల్లుతో ముగిసే పేర్లలో ఇంకా ఎక్కువ, వెబ్‌సైట్ల నుంచి కాపీ చేసిన పేర్ల చివర ఇది దాక్కుని ఉంటుంది. ఎంపీత్రీ ట్యాగ్‌లో ఒక యాక్షన్ తయారుచేసి ఆర్టిస్ట్, ఆల్బమ్ ఆర్టిస్ట్, కంపోజర్ గళ్ళలో పదం చివర ఉన్న ఆ గుర్తును తీసేయండి. పదం మధ్యలో ఉన్నది కొన్ని పేర్లకి అవసరం, 'రాజ్‌కుమార్' లాంటివి అది లేకపోతే ఒత్తై కూర్చుంటాయి. అక్కడ తీసేయడం కాదు, అన్నిచోట్లా ఒకే రకంగా ఉంచడం ముఖ్యం.

రెండోది ఐత్వం. తెలుగు యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయగలిగిన గుణింతపు గుర్తు ఇదొక్కటే. ఒకటి నేరుగా ఐత్వం, ఇంకొకటి ఎత్వం వేసి దాని కింద ఐత్వపు తోకను విడిగా తగిలించడం. పాత మ్యాక్ డిస్కుల ఫైల్ పద్ధతి పేర్లను ఈ రెండో తీరులోకి విడగొట్టి దాచేది. అలాంటి డిస్కు నుంచి వచ్చిన ఫైలు పేరు చూసి ట్యాగు నింపితే ట్యాగులోకీ అదే చేరుతుంది. ఫలితం ఏమంటే శైలజ ఇద్దరౌతుంది, భైరవి రాగం రెండౌతుంది, మైపాడు కచేరీ ఫోల్డరు వెతికితే దొరకదు. 'ఐ' గుణింతం లేని పేర్లన్నీ బాగుండి ఇవి మాత్రమే విడిపోతుంటే జబ్బు ఇదేనని తెలుసుకోండి. ట్యాగుల్లో ఉన్నవి ఇప్పుడే మార్చండి. ఫైలు పేర్లలో ఉన్నవి అప్‌గ్రేడ్ తరువాతకి ఉంచండి, దానికి మళ్ళీ వస్తాను.

పికార్డ్ (మ్యూజిక్‌బ్రెయిన్జ్ చూసి ట్యాగులు నింపే ప్రోగ్రాం) వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక. తెలుగు ఆల్బములు మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో చాలావరకు ఉండవు, ఉన్నా సగం వివరాలే ఉంటాయి. పికార్డ్ దగ్గరలో కనిపించిన ఇంకేదో ఆల్బమ్‌కి అతికించి తప్పు నంబరు రాసిందంటే, గుర్తింపులో ముందు చూసేది ఆ నంబరునే కాబట్టి సంబంధం లేని రెండు ఆల్బములు ఒకటైపోతాయి. ఖాయంగా అదేనని తెలిస్తేనే సేవ్ చేయండి, అనుమానమైతే ఆ నంబరు గడి ఖాళీగా ఉండటమే క్షేమం. అలాగే ఒకే సినిమా ఎంపీత్రీగానూ ఫ్లాక్‌గానూ ఉండి ట్యాగులు అచ్చంగా ఒకటే అయితే, కొత్త వెర్షన్లో రెండూ ఒకే ఆల్బమ్‌లో కలిసి ప్రతి పాటా రెండుసార్లు కనిపిస్తుంది. ఒకదానికి ఆల్బమ్ వెర్షన్ ట్యాగులో 'ఫ్లాక్' అని రాస్తే విడిపోతాయి.

ట్యాగులు అయ్యాక పాత వెర్షన్లోనే ఒక పూర్తి స్కాన్ నడపండి. మొత్తం పాటలు, ఆల్బములు, గాయకుల సంఖ్యలు, ప్రతి ప్లేలిస్టులోనూ ఎన్ని పాటలున్నాయన్నది కాగితం మీద రాసుకోండి. అప్‌గ్రేడ్ తరువాత 'అన్నీ ఉన్నట్టే ఉన్నాయి' అనుకోవడానికీ, ఉన్నాయని తెలియడానికీ తేడా ఆ కాగితమే.

బ్యాకప్. సర్వర్‌ని ఆపండి. నిజంగా ఆగిందో లేదో చూడండి. ఆపకుండా డేటాబేస్ ఫైలు ఒక్కటే కాపీ చేయడం అందరూ చేసే తప్పు. డేటాబేస్ పక్కనే 'వాల్', 'ఎస్‌హెచ్ఎం' అని ముగిసే రెండు ఫైళ్ళుంటాయి, సర్వర్ నడుస్తున్నప్పుడు తాజా మార్పులు 'వాల్' ఫైల్లోనే ఉండొచ్చు. ఆ ఫైలు లేని కాపీ పాతబడిన కాపీ, ఒక్కోసారి తెరుచుకోదు కూడా. అందుకే ఆపి, డేటా ఫోల్డరు మొత్తంగా వేరే డిస్కు మీదికి కాపీ చేయండి. లోపలి క్యాష్ ఫోల్డర్ మాత్రం వదిలేయొచ్చు, అది మళ్ళీ తయారౌతుంది. నావిడ్రోమ్‌కి సొంత బ్యాకప్ కమాండ్ కూడా ఉంది, రోజూ వాడుకోవడానికి మంచిదే, కానీ అది డేటాబేస్‌ను మాత్రమే దాస్తుంది. కాన్ఫిగ్ ఫైలు, డాకర్ (ప్రోగ్రాంలను కంటైనర్ అనే విడి పెట్టెల్లో నడిపే పనిముట్టు) అయితే కంపోజ్ ఫైలు మీరే కాపీ చేయాలి. పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ కీ ఎప్పుడైనా పెట్టి ఉంటే అది కచ్చితంగా రాసిపెట్టుకోండి. అది లేకుండా డేటాబేస్ ఉన్నా లోపలికి పోలేరు.

ఇక అసలు పని. నేరుగా అసలు సర్వర్ మీద చేయొద్దు. బ్యాకప్ కాపీకి ఇంకో కాపీ తీసి, కొత్త వెర్షన్‌ను ఆ కాపీ మీద 4533 బదులు 4534 పోర్టులో నడపండి. పాటల ఫోల్డరును రీడ్-ఓన్లీగా చూపించండి. ఈ రిహార్సల్ మీద పెట్టిన గంట ఎప్పుడూ వృథా కాదు. డేటాబేస్ మార్పిడికి ఎంతసేపు పట్టిందో, తరువాతి పూర్తి స్కాన్‌కి ఎంతసేపు పట్టిందో తెలిసిపోతుంది. కాగితం మీది లెక్కలతో పోల్చి చూసుకోవచ్చు. తేడా వస్తే అసలుదానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, వెళ్ళి ట్యాగులు సరిచేసుకుని మళ్ళీ రిహార్సల్ చేయండి.

రిహార్సల్ కుదిరాక అసలుది. డాకర్‌లో 'లేటెస్ట్' అని రాయకుండా వెర్షన్ నంబరు రాయండి. లేటెస్ట్ అని ఉంటే మీరు అనుకోని రోజున, అనుకోని గీత దాటించేస్తుంది. డేటాబేస్ ఉన్న డిస్కులో దాని సైజుకి కనీసం మూడింతల ఖాళీ ఉంచండి. మొదటిసారి లేచినప్పుడు వెబ్ పేజీ తెరుచుకోదు, లాగులో మార్పిడి నడుస్తున్నట్టు మాత్రమే కనిపిస్తుంది. పాత మినీ పీసీ మీదా రాస్ప్‌బెర్రీ పై మీదా ఇది చాలాసేపు పట్టొచ్చు. ఓపిక పట్టండి, మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టడం కన్నా చెడ్డ పని ఇంకోటి లేదు.

ఆగిపోతే కారణాలు చాలావరకు ఈ మూడే. 'డేటాబేస్ ఈజ్ లాక్డ్' అంటే పాత సర్వర్ ఇంకెక్కడో నడుస్తూ అదే ఫైలును పట్టుకుని ఉంది. ఒకప్పుడు సర్వీసుగా పెట్టి తరువాత డాకర్‌కి మారినవాళ్ళకి ఇది మామూలు. 'రీడ్ ఓన్లీ', 'అన్‌ఏబుల్ టు ఓపెన్' అంటే బ్యాకప్‌ను రూట్‌గా (అడ్మిన్‌గా) కాపీ చేయడం వల్ల ఫోల్డరు యాజమాన్యం మారింది, కంటైనర్ ఏ యూజర్ నంబరుతో నడుస్తోందో ఆ నంబరుకే ఇవ్వాలి, చాలాచోట్ల అది 1000. మూడోది డేటాబేస్‌ను నెట్‌వర్క్ ఫోల్డర్లో పెట్టడం. పాటలు నాస్‌లో (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించిన డిస్కుల పెట్టెలో) ఉండొచ్చు, డేటాబేస్ మాత్రం సర్వర్ సొంత డిస్కు మీదే ఉండాలి. నెట్‌వర్క్ మీద ఎస్‌క్యూలైట్ (నావిడ్రోమ్ వాడే డేటాబేస్ పద్ధతి) తాళాలు సరిగ్గా పడవు.

యూఎస్‌బీ డిస్కులో పాటలుంటే ఇంకో గండం. కరెంటు పోయి వచ్చాక డిస్కు మేలుకునేలోపే డాకర్ లేస్తుంది. అప్పుడు కంటైనర్‌కి కనిపించేది ఖాళీ ఫోల్డరు. ఆ తరువాత డిస్కు ఎక్కినా కంటైనర్‌ను మళ్ళీ లేపేదాకా లోపలికి కనబడదు. కొత్త వెర్షన్లు పాటలు కనబడకపోతే చెరిపేయకుండా 'మిస్సింగ్' అని పక్కన పెడతాయి కాబట్టి కంగారు పడకండి. డిస్కు తిరిగి కనబడి స్కాన్ అయితే లెక్కలతో సహా వచ్చేస్తాయి. కానీ మిస్సింగ్ ఫైల్స్ పేజీలో డిలీట్ నొక్కారంటే చుక్కలూ లెక్కలూ పోయినట్టే. పాత పాటలు నిజంగానే తీసేశారని తెలిసేదాకా ఆ బటన్ జోలికి పోవద్దు. పర్జ్ మిస్సింగ్ సెట్టింగు 'నెవర్' మీదే ఉండనివ్వండి. డిస్కును దాని యూయూఐడీతో (డిస్కు సొంత గుర్తింపు నంబరు) ఎఫ్‌స్టాబ్‌లో (లైనక్స్ లేచేటప్పుడు ఎక్కించాల్సిన డిస్కుల జాబితా) రాసి, డిస్కు ఎక్కితేనే సర్వీసు లేచేలా షరతు పెట్టుకుంటే ఈ బెడద సగం తగ్గుతుంది.

ప్లేలిస్టుల్లో పాటలు తగ్గితే ఎం3యూ (ప్లేలిస్టు) ఫైళ్ళు చూడండి. విండోస్‌లో తయారైనవాటిలో 'డి డ్రైవ్' అని మొదలయ్యే పూర్తి దారులుంటే లైనక్స్‌లో చెల్లవు, ప్లేలిస్టు ఉన్నచోటు నుంచి లెక్కించే దారులు కావాలి. తెలుగు పేర్లున్నవి యూటీఎఫ్-8లోనే సేవ్ అయి ఉండాలి. గాయకుల అక్షరక్రమంలో ఎ.ఆర్. రెహమాన్ కనబడక 'ఆర్' కింద తేలితే అది అప్‌గ్రేడ్ తప్పు కాదు. పేరు ఇంగ్లీషులో చుక్కలు లేకుండా 'ఎ ఆర్' అని విడివిడిగా రాసి ఉంటే మొదటి 'ఎ'ని ఇంగ్లీషు ఆర్టికల్ అనుకుని వదిలేస్తుంది. ఎ.ఎం. రాజాకీ ఇదే గతి. ఇగ్నోర్డ్ ఆర్టికల్స్ సెట్టింగులోంచి 'ఎ', 'ఓ' తీసేయండి, మన పేర్లలో అవి పొడి అక్షరాలు. ఫోన్లోని సింఫోనియం లాంటి యాప్‌లలో పూర్తి రీ-సింక్ చేయాలి, ఆల్బముల నంబర్లు మారి ఉంటాయి కాబట్టి ఆఫ్‌లైన్ కోసం దించుకున్నవి కూడా మళ్ళీ దించుకోవాల్సి రావచ్చు.

కర్ణాటక సంగీతం ఎక్కువున్నవాళ్ళకి ఈ గీత దాటినందుకు దక్కే లాభం ఒకటి చెప్పాలి. కొత్త వెర్షన్లలో సొంత ట్యాగులు చేర్చుకోవచ్చు. ఫైళ్ళలో 'రాగ' అని ట్యాగు పెట్టుకుని కాన్ఫిగ్‌లో దాన్ని నమోదు చేస్తే, ఆనందభైరవి కీర్తనలన్నీ తనంతట తానే ఏరుకునే స్మార్ట్ ప్లేలిస్టు కట్టుకోవచ్చు. త్యాగయ్య ఇంటిపేరు కంభం పక్కనున్న కాకర్లదంటారు. ఆయన కీర్తనలు రాగాల వారీగా మన ఇంట్లో వరుసగా నిలబడటం చూస్తే ఈ ట్యాగుల చాకిరీకి ఫలం దక్కినట్టే అనిపిస్తుంది.

వెనక్కి రావాలనుకుంటే దారి ఒకటే: ఆపి, పాత డేటా ఫోల్డరు తిరిగి పెట్టి, పాత వెర్షన్ నంబరుతో లేపడం. కొత్త వెర్షన్ మార్చిన డేటాబేస్‌ను పాత వెర్షన్‌కి ఇవ్వకూడదు.

వేళ గురించి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో, మధ్యాహ్నం రెండింటికి ఈ పని పెట్టుకోవద్దు. పూర్తి స్కాన్ అంటే డిస్కు గంటల తరబడి ఆగకుండా తిరుగుతుంది. మామూలు డిస్కుల్లో చాలావాటికి పై హద్దు 60 డిగ్రీలు, నా లెక్కలో 50 దాటితే స్కాన్ ఆపి ఫ్యాన్ పెట్టాల్సిందే. తెల్లవారుజామున మొదలుపెట్టండి. నవంబరు, డిసెంబరు తుపాను రోజుల్లో అసలొద్దు. సర్వరూ, డిస్కూ రెండూ ఇన్వర్టర్ లైను మీదే ఉండాలి. సర్వర్‌కి మాత్రం ఇచ్చి డిస్కు అడాప్టర్‌ను గోడ ప్లగ్గుకి పెట్టేవాళ్ళున్నారు, కరెంటు పోయిన క్షణంలో ఇన్వర్టర్ ఉండి లేనట్టే. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో కేబుల్ కొసలు ముందు చూడండి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో 199వ వరస, అంటే సీఆర్సీ తప్పుల సంఖ్య పెరుగుతుంటే డిస్కు కాదు కేబుల్ మార్చాలి. 5, 197, 198 వరసల్లో అంకెలు పెరుగుతుంటే మాత్రం అప్‌గ్రేడ్ సంగతి తరువాత, ముందు డిస్కు మార్చండి.

అన్నీ కుదురుకుని వారం గడిచాక ఫైలు పేర్ల పని. విడిపోయిన ఐత్వాన్ని ఒకటి చేయడానికి లైనక్స్‌లో కన్వ్ ఎంవీ అనే చిన్న పనిముట్టు ఉంది, దానికి ఎన్ఎఫ్‌సీ ఆప్షన్ ఇవ్వాలి. విడిగా చెప్పకపోతే అది ఏదీ మార్చదు, ఏమేం మారుస్తుందో చూపించి ఊరుకుంటుంది. ఆ జాబితా చదివి, సరే అనుకున్నాకే నిజంగా మార్చమనండి.

విండోస్ డిస్కు నుంచి లైనక్స్ డిస్కుకి పాటలు మార్చేటప్పుడు కొన్ని ఫైళ్ళు 'ఫైల్ నేమ్ టూ లాంగ్' అని ఆగిపోతాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరుకి 255 అక్షర స్థానాలు, ఎక్స్‌టీ4లో 255 బైట్లు. తెలుగులో ప్రతి గుర్తూ మూడు బైట్లు, కాబట్టి మనకి దక్కేది 85 గుర్తులే. 'శ్రీ' అన్న ఒక్క అక్షరం శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి నాలుగు గుర్తులు, 12 బైట్లు. పల్లవి మొత్తం, సినిమా పేరు, గాయకులు అందరినీ ఫైలు పేరులోకి ఎక్కిస్తే ఈ హద్దు దాటడం ఎంతసేపు? ట్రాక్ నంబరు, పల్లవిలో మొదటి మూడు నాలుగు మాటలు చాలు, మిగతాదంతా ట్యాగుల్లో ఉంది. కాపీ చేసే ముందే పాత డిస్కులో పొడుగు పేర్లను కుదించుకోండి. కాపీ అయ్యాక స్కాన్ నడిపి మిస్సింగ్ పేజీ తెరవండి. ఖాళీగా ఉంటే, కాగితం మీది పాటల సంఖ్యతో సరిపోతే, పాత డిస్కును ఇక తీసి బీరువాలో పెట్టొచ్చు.